పొలంలో చెట్లు పెడితే సర్కారు ఏమిస్తుంది, కొట్టేటప్పుడు ఏమడుగుతుంది

ప్రశ్న, క్లుప్తంగా: ప్రకాశం జిల్లా మెట్టలో నాన్నగారి పేరున 4 ఎకరాల పట్టా ఉంది. ఒక బోరు, ఇంచున్నర నీళ్లు. ఇప్పటిదాకా కంది, మినుము, కొంచెం మిరప. ఇక గట్ల చుట్టూ టేకు పెట్టి, రెండెకరాల్లో మలబార్ వేప వేసి మధ్యలో అపరాలు తీయాలని ఆలోచన. ఏ పథకం కింద ఎంత వస్తుంది? కొట్టేటప్పుడు అటవీ శాఖతో ఇబ్బంది ఉంటుందా? ఖమ్మం జిల్లాలో ఉండే బావగారు కూడా ఇదే అడుగుతున్నారు, అక్కడ తేడా ఏమిటి?

జవాబు:

మీరు ముందు అడిగింది మొక్కకు ఎంత వస్తుందని. ఈ వ్యవహారంలో అన్నిటికన్నా చిన్న మొత్తం అదే. పెద్ద మొత్తం కొట్టే రోజున తేలుతుంది. మీ టేకు మీదేనని కాగితం చూపించగలిగితే వచ్చే ధర ఒకటి, చూపించలేక దళారికి చెట్టు మీదే అమ్ముకుంటే వచ్చే ధర ఇంకొకటి. అందుకే సబ్సిడీ సంగతి తేల్చేసి, అసలు చోట కాసేపు ఆగుదాం.

మన దేశం 2014 ఫిబ్రవరిలో జాతీయ అగ్రోఫారెస్ట్రీ (పంటలతోపాటు చెట్లు పెంచే సాగు) విధానం తెచ్చింది. ఇలాంటి విధానం ప్రకటించిన మొదటి దేశం మనదే. దాన్ని అమలు చేయడానికి 2016-17లో 'హర్ మేఢ్ పర్ పేడ్' (ప్రతి గట్టు మీద చెట్టు) పేరుతో ఒక ఉప మిషన్ వచ్చింది. యూట్యూబ్ వీడియోల్లో 'మొక్కకు 35 రూపాయలు' అని వినిపించేది దీని గురించే. లెక్క ఇలా ఉండేది: గట్టు మీద మొక్క ఖర్చు రూ.70గా తీసుకుని అందులో సగం, అంటే రూ.35, నాలుగేళ్లలో 40:20:20:20 చొప్పున ఇచ్చేవారు. మీ నాలుగెకరాలు చదరంగా ఉందనుకుంటే చుట్టుకొలత దాదాపు 509 మీటర్లు. మూడు మీటర్లకో మొక్క చొప్పున 170 మొక్కలు పడతాయి. మొదటి ఏడాది మొక్కకు 14 రూపాయల లెక్కన రూ.2,380, తర్వాత మూడేళ్లు ఏటా రూ.1,190. మొత్తం రూ.5,950. అదీ మొక్కలన్నీ బతికితేనే. ఈ డబ్బు కోసం నాలుగేళ్లు ఆఫీసు చుట్టూ తిరగాలా వద్దా అన్నది మీ ఇష్టం.

ఇప్పుడు ఆ పథకం ఆ రూపంలో లేదు కూడా. దాన్ని రాష్ట్రీయ కృషి వికాస్ యోజనలో అగ్రోఫారెస్ట్రీ విభాగంగా కలిపేశారు, డబ్బు ప్రధానంగా నాణ్యమైన మొక్కలు పెంచే నర్సరీల వైపు మళ్లింది. సాంకేతిక బాధ్యత ఝాన్సీలోని కేంద్ర అగ్రోఫారెస్ట్రీ పరిశోధన సంస్థకు ఇచ్చారు. కాబట్టి ఎవరైనా వచ్చి 'హర్ మేఢ్ కింద మీ పొలానికి సబ్సిడీ రాయిస్తాం, ముందు ఖర్చులకు అయిదు వేలు ఇవ్వండి' అంటే ఏ సంవత్సరపు మార్గదర్శకాలో చూపించమనండి. అక్కడితో మాట ఆగిపోతుంది.

మీలాంటి చిన్న రైతుకు నిజంగా పనికొచ్చేది ఉపాధి హామీ. గుంతలు తీయడం, నాటడం, నీళ్లు పోయడం అన్నీ కూలి పనులే, ఖర్చులో ఎక్కువ భాగం అక్కడే పోతుంది. సొంత భూమిలో పని చేయించుకునే అర్హత ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు, మహిళలు ఇంటిపెద్దగా ఉన్నవారికి, అటవీ హక్కు పత్రాలున్నవారికి ముందు వస్తుంది, ఆ తర్వాత అయిదెకరాల లోపు సన్న, చిన్నకారు రైతులకు. జాబ్ కార్డు ఉండాలి, ఇంట్లో కనీసం ఒకరు ఆ పనిలో కూలికి దిగాలి. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. డబ్బు మొత్తంగా రైతు ఖాతాలో పడదు. కూలి మస్టరులో, అంటే హాజరు పట్టీలో ఉన్న కూలీల ఖాతాలకు వెళ్తుంది, మొక్కలు, కంపోస్టు, ఊతకర్రల ఖర్చు సామగ్రి పద్దు కింద వేరేగా వస్తుంది. సామగ్రి బిల్లు ఆలస్యం కావడం మామూలే. కాబట్టి మొక్కల డబ్బు ముందు మీ జేబులోంచి పెట్టగలరా అని చూసుకుని దిగండి.

ఇందులో తారీఖు ముఖ్యం. వచ్చే ఏడాది పనుల జాబితా అక్టోబరు 2 గ్రామసభలతో మొదలవుతుంది. జూన్‌లో ఊళ్లో ఉపాధి పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంటును అడిగితే 'జాబితాలో లేదండి' అనే జవాబే వస్తుంది. సభలో దరఖాస్తు ఇచ్చి, తీర్మానంలో మీ సర్వే నంబరు పడిందా లేదా చూసుకుని రండి. ఇంకో సంగతి: 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో 125 రోజుల పనిదినాలతో కొత్త చట్టం తెచ్చింది. అందులో విత్తే, కోసే కాలాల్లో మొత్తం 60 రోజుల దాకా పనులు ఆపే వెసులుబాటు రాష్ట్రాలకు ఉంది. మొక్కలు నాటే అదను కూడా సరిగ్గా ఆ రోజులే. అందుకని గుంతల పని ఏప్రిల్, మే నెలల్లోనే పూర్తయ్యేలా అంచనా వేయించండి. ఎండకు గుంత కాగితే మట్టిలో పురుగు, తెగులు కూడా తగ్గుతాయి, కనుక ఎలా చూసినా అదే మంచిది.

వెదురు సంగతి వేరు. 2018లో పునర్వ్యవస్థీకరించిన జాతీయ వెదురు మిషన్ కింద రైతుకు మొక్కకు రూ.120 సాయం, మూడేళ్లలో 50:30:20 చొప్పున, అంటే 60, 36, 24 రూపాయలు. ఎకరానికి 200 మొక్కలు పెడితే మూడేళ్లలో రూ.24,000. తర్వాత ఈ మిషన్ ఉద్యాన మిషన్‌తో కలిసింది, 2025లో యూనిట్ ఖర్చుల లెక్కలు సవరించారు కనుక ఈ ఏటి రేటు జిల్లా ఉద్యాన అధికారి దగ్గర అడగండి. వెదురుకు ఇంకో పెద్ద లాభం ఉంది. 2017 నవంబరులో ఆర్డినెన్సుతో, తర్వాత సవరణ చట్టంతో భారత అటవీ చట్టంలోని 'చెట్టు' నిర్వచనం నుంచి వెదురును తీసేశారు. పట్టా భూమిలో పెంచిన వెదురును కొట్టడానికి, తోలడానికి ఆ చట్టం కింద పర్మిట్ అక్కర్లేదు. అయితే ఇంచున్నర బోరు మీద మిరప, వెదురు రెండూ లాగవు. మొదటి మూడేళ్లు వెదురు వేసవి తడి కోరుతుంది. మీకైతే వాగు ఒడ్డు, కోతకు గురయ్యే ముక్క ఏదైనా ఉంటేనే ఆలోచించండి.

డ్రిప్ సబ్సిడీ చాలామంది మరిచిపోతారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు 100 శాతం, బీసీలకు, సన్న చిన్నకారు రైతులకు 90, మిగతావారికి 80 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సాగు ప్రాజెక్టు ద్వారా, రైతు సేవా కేంద్రంలో నమోదు. డ్రిప్‌కు పెట్టేటప్పుడు చెట్ల ఎడం ఎంతో అదే రాయించండి. మిరపకు ఇచ్చిన డ్రిప్పును మీటరున్నర ఎడంతో పరిచి, తర్వాత ఎనిమిది మీటర్ల సాళ్లకు వాడబోతే సగం పైపు వృథా. మీ ఊరు వాటర్‌షెడ్ (వాన నీటిని, నేలను కాపాడే) ప్రాజెక్టులో ఉందేమో కూడా కనుక్కోండి. ఉంటే గట్టు మొక్కలు, నీటి కుంట ఆ పద్దులోంచే వస్తాయి, విడిగా తిరగనక్కర్లేదు. ఒకే సర్వే నంబరుకు ఒకే పనికి రెండు పథకాల్లో పెడితే మాత్రం రెండూ ఆగుతాయి, జియోట్యాగ్ ఫొటోల్లో దొరికిపోతారు.

ఇక కొట్టే సంగతి.

రెండు వేర్వేరు అనుమతులున్నాయి. జనం ఒకటిగా కలిపేసి గందరగోళ పడతారు. చెట్టు నరకడానికి ఒకటి: అది 2002 నాటి వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం కింద. నరికిన కలపను రోడ్డెక్కించడానికి రెండోది: అది 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల కింద వచ్చే ట్రాన్సిట్ పర్మిట్. రెండింటికీ మినహాయింపు ఉన్న జాతులున్నాయి. సుబాబుల్, జామాయిల్, సరుగుడు రైతు స్వేచ్ఛగా కొట్టి తోలుకోగలడు. ప్రకాశం, గుంటూరు, కృష్ణా మెట్టల్లో అంత సుబాబుల్, జామాయిల్ పెరగడానికి కాగితం మిల్లులు ఒక కారణమైతే ఈ మినహాయింపు ఇంకో కారణం. టేకుకు మినహాయింపు లేదు. ఎర్రచందనం, శ్రీగంధాలకైతే వాటికంటూ విడిగా నియమాలున్నాయి.

కాబట్టి మీ గట్టు టేకుకు రెండు అనుమతులూ కావాలి. ఇదేమీ భయపడాల్సిన విషయం కాదు, కానీ ఇరవై ఏళ్ల తర్వాత మొదలుపెట్టే పని కూడా కాదు. ఆ రోజున అధికారి అడిగేది ఒకటే: ఈ చెట్టు మీ పట్టాలో మీరు పెంచిందేనా? అడవి పక్క పొలమైతే రెవెన్యూ, అటవీ శాఖలు కలిసి సర్వే చేసి హద్దు తేల్చాకగానీ కదలదు. అడంగల్‌లో (ఏ పొలంలో ఎవరు ఏం పండిస్తున్నారో రాసే గ్రామ లెక్క) ఇరవై ఏళ్లుగా చెట్ల కాలమ్ ఖాళీగా ఉంటే 'నేను నాటాను' అన్న మాటకు ఆధారం ఏమీ ఉండదు. అందుకే నాటిన ఏడాదే ఈ పని చేయండి. ఈ-పంట నమోదులో గట్టు టేకు, మలబార్ వేప రెండూ ఎక్కించమనండి. ఎన్ని మొక్కలు, ఏ నెల, ఏ సంవత్సరం అన్నది రాయించి, అడంగల్ ప్రింటు తీసి దాచండి. నర్సరీ రసీదు, నాటేటప్పుడు తారీఖు, స్థలం పడేలా తీసిన నాలుగు ఫొటోలు అదే ఫైల్లో. ఏటా ఒకసారి ఆ ఫైలుకు ఒక అడంగల్ చేరాలి.

మలబార్ వేప విషయంలో చిన్న చిక్కు ఉంది, పేరులోనే ఉంది. రికార్డులో 'వేప' అని మాత్రమే పడితే తర్వాత అది మామూలు వేపగా లెక్కకొస్తుంది. చెక్‌పోస్టు దగ్గర లారీలో ఉన్నది ఒకటి, కాగితంలో ఉన్నది ఒకటి అయితే లారీ ఆగుతుంది, రోజు వెయిటింగ్ చార్జీ మీ మీద పడుతుంది. అడంగల్‌లో, నర్సరీ బిల్లులో, తర్వాత దరఖాస్తులో అన్నిచోట్లా 'మలబార్ వేప (మీలియా డూబియా)' అని ఒకే తీరుగా రాయించండి. మినహాయింపు జాబితా మీ డివిజనల్ అటవీ అధికారి కార్యాలయంలో ఉంటుంది. నాటకముందే ఒక కాపీ తెచ్చుకోండి, ఆ కార్యాలయపు ముద్రతో.

అనుమతి దరఖాస్తుకు పట్టాదారు పాస్‌బుక్, 1బి (భూమి ఖాతా వివరాల నకలు), అడంగల్, సర్వేయర్ స్కెచ్, తహసీల్దారు ధ్రువీకరణ, చెట్ల జాబితా కావాలి. జాబితాలో ప్రతి చెట్టుకూ ఒక నంబరు, జాతి, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత. ఛాతీ ఎత్తు అంటే అంచనా కాదు, నేల నుంచి 1.37 మీటర్లు. చెట్టుకు తెల్ల పెయింటుతో నంబరు వేసి, జాబితాలోని నంబరు, చెట్టు మీది నంబరు ఒకటే అయ్యేలా చూడండి. తనిఖీకి వచ్చినవారు నాలుగు చెట్లు చూసి తేడా లేకపోతే మిగతావి త్వరగా దాటేస్తారు. కొట్టిన తర్వాత దుంగలు కొలిచి, నంబర్లు వేసి, అటవీ శాఖ సుత్తి ముద్ర పడ్డాకే లారీ ఎక్కాలి. కొట్టిన చెట్లకు బదులు మొక్కలు నాటాలన్న షరతు కూడా ఉంటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

దుంగ కొలత గురించి ఒక మాట, ఎందుకంటే రైతు ఇక్కడ నష్టపోయినా తెలియదు. కలప వ్యాపారంలో నడిచేది నాలుగో వంతు చుట్టుకొలత లెక్క. దుంగ మధ్యలో చుట్టుకొలత 90 సెంటీమీటర్లు, పొడవు 3 మీటర్లు అనుకోండి. 90ని నాలుగుతో భాగిస్తే 22.5 సెంటీమీటర్లు, దాన్ని దానితోనే గుణించి పొడవుతో గుణిస్తే 0.152 ఘనపు మీటర్లు, అంటే 5.36 ఘనపుటడుగులు. అసలు దుంగలో ఉన్న కర్ర 6.83 ఘనపుటడుగులు. ఈ పద్ధతి దాదాపు 21 శాతం తగ్గించే చూపిస్తుంది, కోతలో పోయే చెక్కకు అది ముందే తీసేసినట్టు. కాబట్టి ఈ లెక్క వేశాక మళ్లీ 'బెరడు తరుగు, వేస్టేజీ' అని పది శాతం కోసేవారితో గట్టిగా మాట్లాడండి. టేపు ఎక్కడ పెడుతున్నారో కూడా చూడండి. మధ్యలో కాకుండా సన్నటి కొస దగ్గర పెడితే ఒక్కో దుంగకు అర, ఒక ఘనపుటడుగు మాయమవుతుంది.

రవాణా పర్మిట్ల విషయంలో మంచి మార్పు వచ్చింది. జాతీయ ట్రాన్సిట్ పాస్ విధానం 2020లో మధ్యప్రదేశ్, తెలంగాణల్లో ప్రయోగంగా మొదలై, 2023 డిసెంబరు 29న దేశవ్యాప్తంగా ప్రారంభమైంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, క్యూఆర్ కోడ్ ఉన్న పాస్, రాష్ట్రాల హద్దు దాటినా అదే చెల్లుతుంది. మినహాయింపు జాతులకు నిరభ్యంతర పత్రం మీరే తీసుకోవచ్చు, మిగతావాటికి అధికారి ఆమోదం కావాలి. మీ బావగారికి ఇది ముందునుంచీ ఉన్నట్టే. 2025 జూన్‌లో కేంద్ర పర్యావరణ శాఖ వ్యవసాయ భూముల్లో చెట్ల నరికివేతకు నమూనా నియమాలు కూడా పంపింది. తోటను పోర్టల్‌లో నమోదు చేసుకుంటే, పది చెట్ల వరకు ఫొటోలు పెట్టి నిరభ్యంతర పత్రం, అంతకు మించితే గుర్తింపు పొందిన సంస్థ తనిఖీ. కానీ ఇవి నమూనా నియమాలు. రాష్ట్రం తన నోటిఫికేషన్ ఇచ్చాకే మీకు వర్తిస్తాయి. 'కేంద్రం ఫ్రీ చేసేసింది' అన్న మాట నమ్మి గొడ్డలి పట్టుకోకండి, వాల్టా ఇంకా అక్కడే ఉంది.

భూమి కాగితాల్లో మీకు రెండు చిక్కులు కనిపిస్తున్నాయి. పట్టా నాన్నగారి పేరున ఉంది, దరఖాస్తు మీరు పెడితే పోదు. ఆయన పేరునే పెట్టండి, ఆయన ఆధార్, బ్యాంకు ఖాతా అనుసంధానంతో. టేకు చేతికొచ్చేనాటికి భూమి పంపకాలయ్యే అవకాశం ఎక్కువ. పంపకం దస్తావేజులో 'ఫలానా గట్టు మీద చెట్లు ఫలానావారివి' అని ఒక వాక్యం రాయించండి. అన్నదమ్ముల మధ్య భూమి గొడవ కంటే గట్టు చెట్టు గొడవ త్వరగా వస్తుంది. రెండోది: మీ ఊళ్లో రీసర్వే అయి ఉంటే పాత సర్వే నంబరు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది. పక్కవారితో కలిపి జాయింట్ ఎల్‌పీఎం పడితే ముందు దాన్ని విడదీయించుకోండి. విడదీయకుండా గట్టు మీద నాటితే ఆ గట్టు ఎవరిదో ఎవరూ చెప్పలేరు. రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితా, అంటే 22ఏలో పడిందేమో కూడా చూసుకోండి. డీకేటీ పట్టా (సర్కారు పేదలకిచ్చిన భూమి) అయితే చెట్ల మీద హక్కు గురించి అదనంగా ప్రశ్నలొస్తాయి.

కౌలు రైతులకు ఈ విధానంలో చోటే లేదని కూడా చెప్పాలి. పంట సాగు హక్కు పత్రం 11 నెలలది. నాలుగేళ్ల జామాయిల్‌కే అది చాలదు, ఇరవై ఏళ్ల టేకు మాట అటుంచండి. ఊళ్లో సగం పొలాలు కౌలు మీద నడుస్తుంటే 'ప్రతి గట్టు మీద చెట్టు' నినాదం నినాదంగానే మిగిలింది, నా దృష్టిలో ఈ విధానానికి అతి పెద్ద లోపం ఇదే.

నాటే పద్ధతికి వద్దాం. గట్టు టేకును హద్దు గీత మీద పెట్టకండి, లోపలికి కనీసం మీటరున్నర, వీలైతే రెండు మీటర్లు జరపండి. హద్దు మీది చెట్టు ఇద్దరిదీ అవుతుంది, కొట్టేటప్పుడు పక్కవారి సంతకం కావాలి. పొలం ఉత్తరపు గట్టున టేకు నీడ పక్క పొలం వైపు పడుతుంది. ఆయన మిరప వేసే మనిషైతే మూడో ఏటే గొడవ. పక్కవారితో ముందే మాట్లాడుకోవడం ఏ పథకంలోనూ రాయలేదు గానీ, ఎండిపోయిన టేకు మొక్కలకు నీళ్ల కొరతతోపాటు రాత్రిపూట పడ్డ గొడ్డలి దెబ్బ కూడా కారణమే. మొదటి నాలుగేళ్లు పక్క కొమ్మలు వేలు లావు కాకముందే తీసేయాలి, లేకపోతే దుంగలో ముడులు పడి ధర తగ్గుతుంది.

మలబార్ వేప ప్లైవుడ్‌కా, కాగితం గుజ్జుకా అన్నది నాటే ముందే తేల్చుకోవాలి, ఎడం దాన్ని బట్టే. ప్లైవుడ్‌కైతే సాళ్ల మధ్య 8 మీటర్లు, మొక్కల మధ్య 3 మీటర్లు, ఎకరానికి 168. గుజ్జుకు పోయే కర్రకు జంట సాళ్లు నయం: రెండు సాళ్ల మధ్య మీటరున్నర, మొక్కల మధ్య మీటరున్నర, జంటకూ జంటకూ నడుమ 9 మీటర్లు. ఎకరానికి దాదాపు 514 పడతాయి. మామూలుగా 3 మీటర్లు, 2 మీటర్ల ఎడంలో పెడితే 674. అంటే నాలుగో వంతు చెట్లు వదులుకుంటే 9 మీటర్ల పట్టీ పంటకు మిగులుతుంది, ట్రాక్టరు హాయిగా తిరుగుతుంది. సాళ్లు తూర్పు పడమరలుగా వేస్తే నడిమి పంటకు ఎండ బాగా అందుతుంది. కంది మొదటి రెండేళ్లు ఫరవాలేదు, మూడో ఏట నుంచి చెట్టు పక్క రెండు సాళ్లు తగ్గించుకోవాల్సిందే. మినుము, పెసర కొంచెం ఎక్కువ కాలం తట్టుకుంటాయి. అపరాలకు కిసాన్ క్రెడిట్ కార్డు మీద 2 లక్షల దాకా తాకట్టు లేకుండా రుణం ఉంది (2025 జనవరి నుంచి పెంచారు). చెట్ల ఖర్చు పంట రుణంలో కలిపితే ఏడాదికి కట్టలేక వడ్డీ రాయితీ పోతుంది, దాన్ని దీర్ఘకాలిక రుణంగానే అడగండి.

మొక్కల నాణ్యత మీద ఒక మాట, ఎందుకంటే ప్రభుత్వం ఇప్పుడు డబ్బు పెడుతున్నదే అక్కడ. 2024 జనవరిలో అగ్రోఫారెస్ట్రీ నర్సరీలకు గుర్తింపు ఇచ్చే విధానం విడుదలైంది. ఆ గుర్తింపు ఉందా అని అడగండి. మీరే చూసుకోవాల్సింది ఇంకోటి: ఒక మొక్క కవరు చించి వేరు చూడండి. కవరు అడుగున వేరు గుండ్రంగా చుట్టుకుని ఉంటే ఆ మొక్క మూడో ఏట గాలికి పక్కకు ఒరుగుతుంది. 'టిష్యూ కల్చర్ టేకు, ఏడేళ్లలో కోత' అని అమ్మేవారిని వెంటనే పంపేయండి. ఏడేళ్ల టేకులో చేవ ఉండదు, తెల్ల చెక్కే ఉంటుంది. దానికి చెదలు ముందు పడుతుంది, వ్యాపారి తర్వాత వస్తాడు. ఎర్రచందనం అయితే ఇంకా దారుణం. చేవ కట్టడానికి పాతికేళ్లు దాటుతుంది, పట్టా భూముల్లో పెంచిన దుంగల ఎగుమతికి 2019లో దారి తెరిచినా ఆ కాగితాల పని అందరివల్లా కాదు. 'ఎకరానికి కోటి' అని ప్లాట్లు అమ్మేవారు ఈ భాగం చెప్పరు.

కాగితం మిల్లులు క్లోన్ మొక్కలు ఇచ్చి కొనుగోలు ఒప్పందం చేసుకుంటాయి, సర్కారు సబ్సిడీ కన్నా కొన్ని చోట్ల ఇదే అక్కరకొస్తుంది. ఒప్పందంలో నాలుగు విషయాలు చూడండి: ధర ముందే రాశారా లేక 'కోతనాటి మార్కెట్ ధర' అన్నారా, బెరడు తీసిన కర్రకా తీయని కర్రకా, కనీస మందం ఎంత, లోడింగ్, రవాణా ఎవరివి. కొట్టిన కర్ర ఎండకు రోజురోజుకూ బరువు తగ్గుతుంది. మిల్లు ఇండెంట్ (కర్ర పంపమన్న చీటీ) చేతికి రాకముందే కొట్టించి పొలంలో పది రోజులు ఉంచితే నష్టం మీదే. కాటా చీటీ రెండు వేబ్రిడ్జిల్లో తీసుకోండి, వెళ్లేటప్పుడు ఒకటి, మిల్లు దగ్గర ఒకటి.

కార్బన్ క్రెడిట్ల (చెట్లు పీల్చుకున్న కార్బన్‌కు లెక్కకట్టి అమ్ముకునే హక్కు) గురించి కూడా ఎవరో ఒకరు మీ దగ్గరికి వస్తారు. రెండు వేర్వేరు సంగతులు. 2023 అక్టోబరులో వచ్చిన గ్రీన్ క్రెడిట్ నియమాల కింద మొక్కల పెంపకం పద్ధతి క్షీణించిన అటవీ భూములకు సంబంధించింది, మీ పట్టా పొలానికి కాదు. స్వచ్ఛంద కార్బన్ మార్కెట్‌కు 2024 జనవరిలో వ్యవసాయ శాఖ ఒక చట్రం తెచ్చింది. నాలుగెకరాల రైతు సొంతంగా అందులోకి వెళ్లలేడు, వందల మందిని కలిపే సంస్థ కావాలి. ఆ సంస్థ కాగితం మీద సంతకం పెట్టేముందు చూడాల్సింది, ఎన్నేళ్ల వరకు కార్బన్ హక్కు రాసిస్తున్నారు, తనిఖీ ఖర్చు పోగా మీ వాటా ఎంత, మధ్యలో చెట్టు కొడితే ఏమిటి శిక్ష. ఎనిమిదో ఏట కొట్టే మలబార్ వేపకు ముప్పై ఏళ్ల ఒప్పందం రాస్తే చివరికి ఎవరికి ఎంత కట్టాలో లెక్క వేసుకోండి.

ఆదాయపు పన్ను గురించి అడగలేదు గానీ చెప్పి పెడతాను. చెట్ల మీద వచ్చే డబ్బు వ్యవసాయ ఆదాయమా కాదా అన్నదానికి సుప్రీంకోర్టు 1957 తీర్పే ఇప్పటికీ ఆధారం. దున్నడం, విత్తడం, నాటడం లాంటి మూల సాగు పనులు జరిగి ఉండాలి. తనంతట తాను మొలిచిన చెట్టు అమ్మితే వ్యవసాయ ఆదాయం కాదు. మీరు దాచిన ఆ నర్సరీ రసీదు, నాటిన ఫొటో, ఈ-పంట కాగితం ఇక్కడ కూడా పనికొస్తాయి.

ఖమ్మం వైపు తేడాలు తక్కువే. వాల్టా, రవాణా నియమాలు ఉమ్మడి రాష్ట్రం నుంచి రెండు చోట్లా కొనసాగుతున్నాయి. తెలంగాణలో ప్రతి గ్రామ పంచాయతీకి నర్సరీ ఉంది, టేకు మొక్కలు అక్కడే అడగవచ్చు, ముందుగా పంచాయతీ కార్యదర్శి దగ్గర అవసరమెంతో రాయించాలి. భూమి కాగితం భూభారతి పాస్‌బుక్, పంట నమోదు వ్యవసాయ విస్తరణ అధికారి చేస్తారు. ఖమ్మం, భద్రాద్రి వైపు అడవికి ఆనుకున్న పొలాలు ఎక్కువ, కాబట్టి బావగారికి సరిహద్దు తగాదా మీకన్నా ముందు తగులుతుంది. నాటకముందే సర్వేయర్‌ను పిలిపించి, హద్దు రాళ్లు పాతించి, రాళ్ల దగ్గర నిలబడి ఫొటో తీసుకోమనండి.

ఈ ఏటి అక్టోబరు సభ దాటిపోయి ఉంటే కూడా కూర్చోనక్కర్లేదు. ప్రకాశంలో తుపాను వానల కాలం కూడా నాటడానికి పనికొస్తుంది, అక్టోబరులో నాటిన మొక్క మొదటి వేసవికి కొంచెం చిన్నదిగా ఉంటుంది అంతే. గట్టు టేకు సొంత ఖర్చుతో మొదలుపెట్టి, మలబార్ వేప రెండెకరాలను వచ్చే ఏటి జాబితాకు ఉంచండి. వేసవి దాటాక చచ్చిన మొక్కల స్థానంలో కొత్తవి జూలైలోపే పెట్టేయండి, తనిఖీకి వచ్చేవారు లెక్కపెట్టేది బతికున్న వాటినే.